సోమవారం కట్టిన బండి

ఢిల్లీ చూసొచ్చిన మనిషినని తెలిసి మా జహీరాబాదులో రోజూ ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటున్నారు. అందరూ అడిగేది రైలు గురించే. రైలు గురించి నా దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కాం, కూర్చున్నాం, అది తీసుకెళ్ళింది. వెయ్యి మైళ్ళు దానికి ఒక లెక్క కాదు. మా ఊరి నుంచి జహీరాబాదు స్టేషను దాకా ఉన్న పన్నెండు మైళ్ళు, ఢిల్లీ స్టేషను నుంచి ప్రదర్శన మైదానం దాకా ఉన్న నాలుగు మైళ్ళు, నా లెక్కలో అసలు ప్రయాణం అదే. నేను రాసేది దాని గురించే. రైలు సంగతి కావలసినవాళ్ళు టికెట్టు కొనుక్కుని ఎక్కి చూడండి.

ముందు ఎవరం వెళ్ళామో చెప్పాలి. నేను జహీరాబాదులో ఆడపిల్లల బడిలో పంతులమ్మని. నాతో వచ్చింది మా అవ్వ సంగమ్మ. మా వైపు తల్లిని అవ్వ అంటాం, కాబట్టి మా అమ్మమ్మ అనుకోకండి. న్యాల్‌కల్ దాటాక రెండు మైళ్ళలో మా ఊరు. మా నాయన పోయి పదిహేనేళ్ళయింది. అప్పటి నుంచి ఎనిమిదెకరాల నల్లరేగడి అవ్వే చేస్తోంది. మంచె మీది నుంచి పడి కాలు విరిగినా చేను వదల్లేదు, కర్ర పట్టుకుని నడిచింది. అందరూ గింజ పెద్దదని సర్కారు విత్తనం చల్లుతుంటే, తన అత్త ఇచ్చిన పచ్చజొన్నే పట్టుకుని కూర్చుంది. ఊళ్ళో నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుంది కదా. గ్రామసేవక్ వచ్చి ఆ కంకులు చూసి, మూరతో కొలిచి, పైవాళ్ళకు రాశాడు. ఆయన రాసిన ఆరు నెలలకు ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. కొత్త పంటలోని పన్నెండు కంకులు తీసుకుని వ్యవసాయ ప్రదర్శనకు రావాలి, తోడుగా ఒకరు రావచ్చు, గురువారం సాయంత్రం లోపు కంకులు అప్పగించకపోతే పేరు కొట్టేస్తారు.

ఇద్దరాడవాళ్ళు ఢిల్లీకా అని మా బంధువులంతా బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనివ్వండి అన్నాను.

ఊరు, ఆదివారం సాయంత్రం

తప్పు నాది. దాచుకోను. కాగితం పట్టుకుని స్టేషనుకు పోయి వెనక నుంచి లెక్క వేశాను. గురువారం పొద్దున ఢిల్లీ చేరాలంటే మంగళవారం హైదరాబాదులో ఎక్కాలి, అంటే సోమవారం మధ్యాహ్నం రెండింటికి జహీరాబాదులో రైలు. ఇంత చక్కగా లెక్క కట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. తేదీ రాసి అవ్వకు కబురు పంపాను. తేదీతో అవ్వకేం పని? ఆమెకు తెలిసింది వారాలు, అమావాస్యలు.

పట్నంలో జీతం మీద బతికేదానికి సోమవారమంటే బడి తెరిచే రోజు. మా ఊళ్ళో సోమవారమంటే బసవన్న రోజు. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. దుక్కి లేదు, బండి లేదు, మోట లేదు. అది ఎద్దుకు సెలవు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగి, ఎనిమిదేళ్ళు జహీరాబాదులో కాపురం చేసేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

ఎవరిదో బండిలో న్యాల్‌కల్ దాకా వచ్చి, అక్కడి నుంచి నడిచి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. అవ్వ కొట్టంలో ఉంది. రెండు ఎద్దులకూ మెడలు కడిగి, వెన్నలో పసుపు కలిపి కాడి పడే చోట రాస్తోంది. పొలాల అమావాస్యకు ముందురోజు అందరూ ఇలా రాస్తారు. అవ్వ మాత్రం ప్రతి ఆదివారం రాస్తుంది. తొలికోడి కూసేసరికి బయలుదేరాలని చెప్పాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"రేపా? రేపు సోమారం బిడ్డ."

ఆ మాటతో నా తప్పు నాకు తెలిసింది. కానీ పంతులమ్మను కదా, ఒప్పుకోవడం అంత తేలికా? వాదించాను. జన్మలో ఒక్క సోమవారం, ఎద్దులకేం తెలుస్తుందన్నాను. ఎద్దులకు తెలియకపోతే నాకు తెలియదా అంది. పోనీ ఇప్పుడే బండి కట్టిద్దాం, ఇంకా ఆదివారమే కదా అన్నాను. పొద్దంతా చేనుకూ కల్లానికీ మధ్య చొప్ప మోసిన ఎద్దులు. మెడకు వెన్న రాశాక మళ్ళీ కాడి పెడితే వాటి సోమవారాన్ని దొంగతనం చేసినట్టే అంది. బస్సెక్కుదామంటే బీదరు రోడ్డు దాకా పోవడానికీ బండే కావాలి. నడుద్దామంటే ఆమె కాలు.

చివరికి కర్ర పట్టుకుని లేచి నిలబడి ఒకే మాట అంది.

"ఢిల్లీ పోకుంటే పాయె. ఈ జొన్న వాటి మెడ మీద పండింది. వాటికిచ్చిన మాట తప్పి, వాటి జొన్నకు ప్రైజు తెచ్చుకుంటనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నం తిననని ముసుగుతన్ని పడుకున్నాను. బతిమాలుతుందనుకున్నాను. అవ్వ రెండు రొట్టెలు పుంటికూరతో తిని, మంచినీళ్ళు తాగి, హాయిగా పడుకుంది. నా మొండితనం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

పన్నెండు మైళ్ళు

తెల్లవారుజామున వాకిట్లో బండి చక్రం కిర్రుమంది. ఉలిక్కిపడి బయటికి వచ్చాను. మల్కప్ప మా బండి నొగలు పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మల్కప్ప మాకు వరుసకు చిన్నాయన, అంటే అవ్వకు మరిది. ఆయన చేనూ మా చేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. ఆ గట్టు దగ్గరే నాలుగేళ్ళ కిందట ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఎవరు ఎంత జరిపారో ఇప్పుడు ఇద్దరికీ గుర్తుండదు కానీ మాటలు మాత్రం బంద్. ఎదురుపడితే ఒకరు ఆకాశం చూస్తారు, ఒకరు నేల చూస్తారు. ఆ మనిషి మా వాకిట్లో! వెనక ఆయన కొడుకులిద్దరు, దూదేకుల కాసిం ఉన్నారు.

అవ్వ వైపు చూడకుండా ఆయన నన్నడిగాడు.

"సోమారం ఎద్దుకే గద బిడ్డ? మనిషికి గాదు గద?"

కాసిం తనది శుక్రవారమనీ, సోమవారం తను ఖాళీయే అనీ చెప్పి, కాడి రెండో పక్కకు పోయి నిలబడ్డాడు. ముందురోజు మేం అరుచుకున్నదంతా గోడ అవతలికి వినపడిందని అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో గుసగుసలు లేవు, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు.

అవ్వ గడపలో నిలబడి నాతో అంది, ఎందుకు గుంజుతాడట అడుగు అని. ఆయన రెండు గజాల దూరంలో ఉన్నాడు. అయినా అడిగాను. ఆయనా నాకే చెప్పాడు.

"మీ అవ్వకు చెప్పు బిడ్డ. ఢిల్లీల ఎవ్వడు సంగమ్మ జొన్న అనడు. గిది ఏ ఊరి జొన్న అంటడు. గా ఊర్లె నేను గూడ ఉన్న."

అవ్వ లోపలికి పోయి మూట తెచ్చుకుంది. పదిహేను కంకులు, పన్నెండుకు మూడు ఎక్కువ. కాసిం ఏకిన దూదిలో పొదిగి, నల్ల గొంగడిలో చుట్టి, పైన నారతాడు కట్టింది. మూట ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. కొట్టంలో ఎద్దులు చొప్ప నములుతూ మమ్మల్ని సాగనంపాయి. ఆ వేళ ఆ ఊళ్ళో హాయిగా ఉన్నవి అవే.

ఇద్దరు కాడి కింద, ఇద్దరు వెనక నుంచి తోయడం. మైలుకోసారి మారాలని అనుకున్నారు. మల్కప్ప ఒక్కసారి కూడా మారలేదు. కొడుకులు బతిమాలారు, కసిరాడు. దారి పొడుగునా అవ్వా ఆయనా నా ద్వారానే మాట్లాడుకున్నారు. ముందు గుంత ఉంది, పక్కకు గుంజమని చెప్పు అనేది అవ్వ. చూసిన అని చెప్పు అనేవాడు ఆయన. పన్నెండు మైళ్ళు నేను రెండు గజాల దూరానికి టపా మోశాను.

సగం దారిలో వాగు దగ్గర ఆగి తిన్నాం. ఖడక్ రొట్టెలు, పల్లికారం, ఉల్లిగడ్డ. ఈ రొట్టెలు తెలియనివాళ్ళకు చెబుతున్నాను, జొన్నరొట్టెను అప్పడంలా పలచగా చేసి నిప్పు సెగన ఎండబెడతారు, పదిహేను రోజులైనా పాడవదు. విరిస్తే చప్పుడవుతుంది. పెద్ద రొట్టె తీసి ముందు ఆయనకిమ్మని అవ్వ నా చేతికిచ్చింది. ఆయన తువ్వాల తీసి ముఖం తుడుచుకుంటుంటే చూశాను, కాడి ఒరుసుకుని కుడి మెడ పక్కన తోలు లేచింది. నేను చూశానని గమనించి మళ్ళీ తువ్వాల కప్పుకున్నాడు. అవ్వ కూడా చూసింది.

జహీరాబాదు బజారు

బజారు దగ్గరపడే కొద్దీ నాకు చెమటలు పట్టాయి. స్టేషనుకు పోవాలంటే మా బడి ముందు నుంచే పోవాలి. నలుగురు మనుషులు బండి లాగుతుంటే, పంతులమ్మ దొరసానిలా అందులో కూర్చుని పోవడం! దిగి నడుస్తానన్నాను. అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

"తల దించకు బిడ్డ. దొంగతనం జేసి పోతలేం."

కొట్లలో వాళ్ళంతా బయటికి వచ్చారు. ఒకాయన కాసింను చూసి రోజుకు ఎన్ని మోపుల గడ్డి తింటావని అడిగాడు. తనకు గడ్డి నక్కో, ఛాయ్ పోస్తే చాలన్నాడు కాసిం. నవ్వులు లేచాయి. అయితే సంగతేమిటని అడిగిన కొద్దీ నవ్వులు తగ్గాయి. కిరాణా కొట్టు శెట్టి కథంతా విని, లోపలికి పోయి బెల్లం అచ్చు పగలగొట్టి తెచ్చి, నలుగురి చేతుల్లో పెట్టాడు. ఆయనదీ కర్ణాటక అంచు ఊరే, ఆయనకూ సోమవారం తెలుసు. మా బడి గోడ మీద నుంచి ఆడపిల్లలు నమస్తే టీచర్ అని అరిచారు. అప్పటికి నాలో సిగ్గు పోయి ఇంకేదో వచ్చింది. తల ఎత్తే నమస్కారం పెట్టాను. కలెక్టరు కూడా నాలుగు ఎద్దుల బండిలో పోగలడేమో కానీ, నలుగురు మనుషులు ఇష్టపడి లాగిన బండిలో పోగలడా?

రైలు వచ్చింది. మల్కప్ప మా రేకుపెట్టె లోపల పెట్టి, కిటికీ దగ్గరికి వచ్చి నాతో ఒకటే చెప్పాడు, కంకులు కింద పెట్టవద్దు, రైల్లో ఎలుకలుంటాయని. పాపం, ఆయన ఎలుకల గురించే ఆలోచించాడు.

ఢిల్లీ స్టేషను బయట

గురువారం పొద్దున దిగాం. పళ్ళు టకటక కొట్టుకునే చలి. అక్కడివాళ్ళు దుప్పట్లు కప్పుకుని కూడా వణుకుతుంటే, గొంగడి మూట ఒళ్ళో ఉన్నందుకు అవ్వకు చలే లేదు. ముందుగా ఛాయ్ తాగాం. మట్టి ముంతలో పోసి ఇస్తారు, తాగాక ముంత నేలకేసి కొట్టాలి. ఒక్కసారి తాగి పగలగొట్టడమేమిటని అవ్వకు ప్రాణం ఉసూరుమంది. రెండో ఛాయ్ తాగేటప్పుడు, కుమ్మరోడు బతకాలె గద అని తానే సర్దుకుంది. ముంత ఛాయ్ అణా. కొత్త పైసల్లో ఆరు. మా స్టేషనులో దానికి ఇద్దరం తాగుతాం.

మైదానం నాలుగు మైళ్ళు. టాంగా మాట్లాడాలి. టాంగావాలా పేరు రహమత్, నలభై ఏళ్ళుంటాయి, గడ్డానికి గోరింటాకు. గుర్రం మెడలో నీలిపూసల దండ. రెండు రూపాయలన్నాడు. అవ్వ రంగంలోకి దిగింది. మా ఊళ్ళో తురకం రానివాళ్ళెవరు? అయితే మా దక్కనీ వేరు, వాళ్ళ ఉర్దూ వేరు. అవ్వ వద్దనడానికి మాటకు ముందు నక్కో, అవుననడానికి మాటకు వెనక హౌ అంటుంటే అతను మురిసిపోయి, ఏ ముల్కు అమ్మా మీది అన్నాడు. ఇది చిక్కు ప్రశ్న. మొన్నటిదాకా మాది బీదరు జిల్లా, హైదరాబాదు రాజ్యం. ఇప్పుడు మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. మేం కదల్లేదు, సర్కార్లే మా మీది నుంచి కదిలిపోయాయి. అవ్వ జహీరాబాద్ అని మాత్రం చెప్పింది, ప్రపంచమంతా ఎరిగిన ఊరిలాగా.

ఇద్దరూ రూపాయిన్నరకు దిగుతుండగా నాకు కరకర చప్పుడు వినిపించింది. బేరంలో చేతులు తిప్పడానికి వీలుగా ఉంటుందని అవ్వ మూటను టాంగా ముందు పలక మీద పెట్టింది. గుర్రం మెడ తిప్పి, నారతాడు కొరికి, గొంగడి లాగి, దూది ఉమ్మేసి, మా కంకులు తింటోంది.

నేను కేక పెట్టాను. రహమత్ పరుగెత్తి కళ్ళెం లాగాడు. మూట విప్పి చూస్తే ఎనిమిది మిగిలాయి. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. పన్నెండు మైళ్ళు ఒక మనిషి మెడ తోలు లేచిపోయేలా లాగింది దీనికోసమా? రహమత్ ముఖం పాలిపోయింది, చెంపలు వేసుకుంటున్నాడు. అవ్వ మాత్రం గుర్రం నోటి నుంచి వేలాడుతున్న సగం కంకి చూసి, దాని దవడ నిమిరింది.

"మంచిగ నములుతున్నది. ఆకలి మీదున్నట్టుంది."

తర్వాత అతన్నడిగింది, దీనికి ఏ వారం సెలవు అని. అతనికి అర్థం కాలేదు. మా ఎద్దులకు సోమవారం ఉందనీ, దీనికేదో చెప్పమనీ అడిగింది. గుర్రానికి సెలవిస్తే నా ఇంట్లో పొయ్యికి సెలవు అన్నాడు అతను. గుర్రం కొరికిన కంకులన్నీ అవ్వ తన చేత్తోనే దానికి తినిపించింది. పొట్టలకు పోయినాక ఎవరిదైతే ఏమిటట. వెయ్యి మైళ్ళు వచ్చిన జొన్నకు మొదటి జడ్జీ ఆ గుర్రమే. అది వేసిన మార్కుల్లో నాకు అనుమానం లేదు.

రహమత్ కిరాయి తీసుకోనన్నాడు. అవ్వ రూపాయిన్నరా అతని జేబులో వేసి, వచ్చే సోమవారం మధ్యాహ్నం మా తిరుగు రైలుందనీ, అప్పుడూ అతనే రావాలనీ చెప్పి, టాంగా ఎక్కింది. వంతెన ఎక్కుడు దగ్గర, గుర్రానికి బరువవుతుందని, కర్రతో దిగి నడుస్తానని పట్టుపట్టింది కూడా. నేనూ దిగాల్సి వచ్చింది.

మైదానం

జొన్నల పందిరి దగ్గరున్న అధికారి షోలాపూరు వైపు మనిషి. మా అదృష్టం, జొన్న తిని పెరిగినవాడు. కాగితాలు చూసి, మూట చూసి, తల అడ్డంగా ఊపాడు. పన్నెండుకు తక్కువైతే తూకానికి పెట్టరాదు, పోటీలో పేరు ఉండదు. గుర్రం సంగతి చెప్పాను. నవ్వు ఆపుకున్నాడు, పాపం, మర్యాదస్థుడు. అవ్వ ప్రైజు సంగతి ఎత్తనే లేదు. ఒక గింజ తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను కొరికాడు. నమిలాడు. ఇంకోటి అడిగాడు. ఆ తర్వాత ఎనిమిది కంకులనూ గాజు కూజాలో నిలబెట్టి, పోటీ వరసలో కాక, పందిరి గుమ్మంలోనే ఎదురుగా పెట్టాడు.

నాలుగు రోజులు అవ్వ ఆ కూజా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. గుమ్మంలో పెట్టడం వల్ల వచ్చినవాళ్ళందరి కళ్ళూ ముందు దాని మీదే పడేవి. పంజాబీలు, బెంగాలీలు, కోట్లు వేసుకున్న దొరలు, అందరూ వంగి చూసి ఒకటే అడిగేవాళ్ళు, ఇది ఏ ఊరిది అని. ఎవరిది అని ఒక్కరూ అడగలేదు. మల్కప్ప అన్న మాట అక్షరాలా నిజమైంది. అడిగిన ప్రతిసారీ అవ్వ వెన్ను నిటారు చేసి మా ఊరి పేరు చెప్పేది. పట్టుమని వంద కొంపలు కూడా లేని మా ఊరి పేరు ఢిల్లీ గాలిలో అన్నిసార్లు వినిపిస్తుంటే నాకు ఛాతీ పొంగి, కళ్ళు తడయ్యాయి.

బస ధర్మశాలలో. కప్పుకునే దూది రజాయి కిరాయి రాత్రికి నాలుగణాలన్నారు, మేం గొంగడి చూపించి నవ్వాం. తిండి సంగతికి వస్తే, వీధి చివర విస్తరాకులో పూరీలు, ఆలుగడ్డ కూర ఇస్తారు. పూరీ బాగుంది, పొగడక తప్పదు. ఆలుగడ్డ మాత్రం మా జహీరాబాదు ఎర్రనేల గడ్డ ముందు దిగదుడుపే. ఇంట్లో ఉన్నప్పుడు రోజూ ఆలుగడ్డేనా అని సణిగేదాన్ని నేనే.

ఆదివారం సాయంత్రం ఎవరికి ప్రైజో చెప్పారు. జొన్నల్లో గుజరాతు రైతుకు వచ్చింది. అతని కంకులు పొడుగే, కాదనను. పళ్ళ కింద వేస్తే మాత్రం ఉత్త పొట్టు. ఆ తర్వాత ఒక్కో ప్రాంతం రైతునూ వేదిక ఎక్కించి రెండు ముక్కలు చెప్పమన్నారు. షోలాపూరు అధికారి అవ్వ పేరు కూడా పిలిపించాడు. అందరూ ఎరువులు, మందులు, మోటారు పంపులు చెబుతున్నారు. అవ్వ కర్ర ఊతంగా మైకు ముందు నిలబడి దక్కనీలో చెప్పింది.

"పీర్ కా దిన్ బైలాంకు ఛుట్టీ దేతే, సాబ్. బస్."

సోమవారం ఎద్దులకు సెలవిస్తాం, అంతే. గొల్లున నవ్వారు. నేను పళ్ళు కొరుక్కున్నాను. నవ్వులు ఆగకముందే మూడో వరసలో ఒక ముసలి రైతు, ఇంత పెద్ద తలపాగా, లేచి నిలబడ్డాడు. హర్యానా వైపు మనిషట. తమ ఊళ్ళో అమావాస్యనాడు ఎద్దు మీద నాగలి వెయ్యరనీ, తన తాత కాలం నుంచి అంతేననీ, దీన్లో నవ్వేదేముందనీ గట్టిగా అడిగాడు. నవ్వినవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు, అందరూ కొట్టారు.

దిగాక ఆ పెద్దాయనా అవ్వా చాలాసేపు మాట్లాడుకున్నారు. అతని మాట సగం ఆమెకు, ఆమె మాట సగం అతనికి అర్థమయ్యాయి. ఎద్దుల గురించి కాబట్టి ఆ సగం చాలింది. ఒక కంకి అతనికిచ్చింది. ఒకటి అధికారి విత్తనానికి అడిగి పుచ్చుకున్నాడు. విత్తనం అడిగినవాళ్ళకు లేదనడం మా ఇంట్లో లేదు.

మళ్ళీ సోమవారం

మధ్యాహ్నం ధర్మశాల గుమ్మంలో పెట్టెతో కూర్చున్నాం. రహమత్ వచ్చాడు. టాంగా లేదు, గుర్రం లేదు. పక్కన ఒక సైకిల్ రిక్షా, దాని మీద అతని బావమరిది. మా పెట్టె భుజాన వేసుకుంటూ, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆజ్ పీర్ హై, అమ్మా. ఘోడే కీ ఛుట్టీ."

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా నాయన పోయాక ఆమె ఏడవడం నేను చూడలేదు. మంచె మీది నుంచి పడి కాలు విరిగినప్పుడు కూడా ఏడవలేదు. నీ పొయ్యి సంగతేమిటని అడిగింది. ఒక పూట చల్లగా ఉంటే పొయ్యికేమీ కాదన్నాడు. వంతెన ఎక్కుడు రాగానే అతను వెనక నుంచి రిక్షా తోశాడు. ప్లాట్‌ఫారం మీద, జేబులోంచి తన గుర్రం మెడలోని నీలిపూసల దండ తీసి అవ్వ చేతిలో పెట్టాడు, దిష్టి తగలకుండా మీ ఎద్దులకు కట్టమని. అవ్వ మిగిలిన కంకుల్లో ఒకటి అతనికిచ్చింది, గుర్రానికని గట్టిగా చెప్పి.

పొలిమేర

గురువారం పొద్దున జహీరాబాదులో దిగేసరికి స్టేషను బయట మా బండి కట్టి ఉంది. ఈసారి కాడి కింద మా ఎద్దులే. పది రోజులు వాటికి మేత వేసి, నీళ్ళు పెట్టింది మల్కప్పేనట. పక్కనే నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాల అలాగే ఉంది. ఏమైందట అని నన్నడిగాడు. ప్రైజు రాలేదన్నాను. గుర్రం సంగతి చెప్పాను. అవ్వ బండిలో కూర్చుని వింటోంది. ఆయన ఎద్దుల పగ్గాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఏ ఊరని అడిగిన్రా?"

"అడిగిన్రు చిన్నాయనా."

"చెప్పిందా?"

"వచ్చినోళ్ళందరికి చెప్పింది. నాలుగు దినాలు చెప్పింది."

అంతే. ఎద్దులను అదిలించి దారి పట్టించాడు. ఆ పన్నెండు మైళ్ళూ ఆయన ఏదో పాట సన్నగా పాడుకుంటూనే ఉన్నాడు. నేను రైలు ఎక్కినప్పటి నుంచి అంత హాయిగా నిద్రపోయింది ఆ బండిలోనే.

మా బండి వచ్చిందని ఊరు ఊరంతా వాకిట్లోకి వచ్చింది. అవ్వ దిగి, పూసల దండ తెంపి రెండు చేసి, రెండు ఎద్దులకూ కట్టింది. తర్వాత నన్ను ఇంట్లోకి పోయి వెన్న, పసుపు తెమ్మంది. ఇవాళ గురువారం కదా, ఆదివారం కాదే అని ఎవరో అన్నారు. అవ్వ గిన్నెలో వెన్న, పసుపు కలిపింది. ఎద్దుల వైపు పోలేదు. కర్ర నాకిచ్చి, బండి నొగ మీద కూర్చుంది. నా వైపు చూడలేదు, నాతో చెప్పలేదు.

"మల్కప్పా. తువ్వాల దీసి మెడ వంచు."

కాసిం చేతిలోని బీడీ ఆరిపోయింది. కొడుకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మల్కప్ప మెల్లగా తువ్వాల తీసి, అవ్వ ముందు నేల మీద కూర్చుని మెడ వంచాడు. కాడి ఒరిసిన చోట పుండు ఎండి, నల్లగా పక్కు కట్టింది. పదిహేనేళ్ళుగా ఆదివారం ఆదివారం ఎద్దులకు రాసిన చెయ్యి, ఎంత నొక్కాలో ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి, ఆ పుండు చుట్టూ వెన్న రాసింది.

"జర మెల్లగ, వదినె," అన్నాడు మల్కప్ప.

వాళ్ళిద్దరి మధ్య నా టపా ఉద్యోగం ఆ పూటతో ఊడింది.